అత్తగా, మిస్‌గా: సైన్స్ టీచరును తలచుకునే రోజును జరుపుకోవడం ఎలా

మా మేనత్త బెంగళూరులోని ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా సైన్స్ చెప్పారు. ఇంట్లో మాకు ఆమె అత్త; బడిలో తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ ఇళ్ల పిల్లలందరికీ మిస్. ఆమె పోయాక పలకరించడానికి వచ్చిన పాత విద్యార్థులు హాల్లో ఒక పక్కన, బంధువులమైన మేము ఇంకో పక్కన కూర్చుని, ఒకరు చెబుతున్న మనిషిని మరొకరు పోల్చుకోలేక చాలాసేపు ఊరకే ఉండిపోయాం. కూరలో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనని మనిషి, బీకరు కడగకుండా బల్ల మీద వదిలేస్తే మాత్రం క్లాసు మొత్తాన్నీ నిలబెట్టేవారని మాకు ఆ రోజే తెలిసింది. టీచరును పోగొట్టుకున్న ఇళ్లలో ఇది మామూలేనని తరువాత విన్నాను. అందుకే ఆ రెండు జ్ఞాపకాలను ఒకచోట చేర్చడానికి మేము నాలుగేళ్లుగా చేస్తున్నదాన్ని, మా పొరపాట్లతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఈ కార్యక్రమాన్ని ఆబ్దికంతో కలపకండి. ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది, తేదీ ఏటా మారుతుంది, దాని నియమాలు దానికి ఉంటాయి. ఆ రోజు పాత విద్యార్థులను పిలిస్తే ఎక్కడ కూర్చోవాలో, ఏది ముట్టుకోవచ్చో తెలియక వాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఫిబ్రవరి 28, అంటే జాతీయ సైన్స్ దినోత్సవం, బాగుంటుందని మొదట అనుకున్నాం గానీ, ఆమె దగ్గర చదువుకుని తామూ టీచర్లయినవారికి ఏడాది మొత్తంలో తీరిక దొరకనిది ఆ ఒక్క రోజే. చివరికి నీడ కనిపించని రోజును ఎంచుకున్నాం. కర్కాటక, మకర రేఖల మధ్యనున్న ఏ ఊళ్లోనైనా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న బెంగళూరులో అది ఏప్రిల్ 24, 25 తేదీల్లోనూ, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలోనూ జరుగుతుంది. పత్రికలు జీరో షాడో డే అని రాసే ఈ రోజున అత్త తన క్లాసును ఎండలో నిలబెట్టి, మీ నీడ ఎక్కడ పోయిందో వెతకమనేవారట. ఆగస్టులో ఇక్కడి ఆకాశాన్ని నమ్మలేం కాబట్టి ఏప్రిలే మంచిది. పని రోజు వస్తే దగ్గరి ఆదివారానికి మార్చుకోవచ్చు: మూడు రోజుల తేడా ఉన్నా 15 సెంటీమీటర్ల వస్తువుకు 3 మిల్లీమీటర్లకు మించి నీడ పడదు.

ఇక ఏర్పాటు. 15 సెంటీమీటర్ల పొడవున, రెండు చివరలూ సమంగా కోసిన ప్లాస్టిక్ నీటి గొట్టం ముక్క చాలు. స్టీలు గ్లాసు పనికిరాదు. దాని అంచు అడుగుకన్నా వెడల్పుగా ఉంటుంది కాబట్టి నీడ ఎప్పుడూ చుట్టూ కనిపిస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది మేము గొట్టాన్ని నేరుగా మేడ మీద నిలబెట్టాం. సమయం వచ్చింది, దాటింది, కానీ సన్నని నీడ ఒక పక్కన అలాగే ఉండిపోయింది. వాన నీరు పోవడానికి మేడకు వాలు పెడతారన్న సంగతి మాలో ఇంజనీర్లకు కూడా తట్టలేదు. "మిస్ ఉంటే ఈ ప్రయోగానికి సున్నా వేసేవారు" అని ఒకాయన అనగానే, వచ్చినప్పటి నుంచి బిగుసుకుని కూర్చున్న మా బావ మొదటిసారి నవ్వాడు. అప్పటి నుంచి ఒక చెక్క పలకను వేసి, దాని మీద నీళ్లు పోసిన పళ్లెం పెట్టి, నీరు అంచు చుట్టూ సమంగా నిలిచేదాకా పలక కింద అట్టముక్కలు దోపుతున్నాం. ఏప్రిల్‌లో ఆ క్షణం సుమారు 12 గంటల 17 నిమిషాలకు వస్తుంది. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాడు కనుక పన్నెండుకే అందరినీ మేడ ఎక్కించాలి. ఉపన్యాసాలు ఉంటే అంతకు ముందే ముగించాలి, అసలు లేకపోతే ఇంకా మంచిది. తలెత్తి సూర్యుడిని చూడవద్దని, గొట్టంలోంచి అసలే చూడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. చూడవలసింది పలకనే: బయటి నీడ గొట్టం అంచులోకి కుదించుకుపోతుంటే, లోపలి నుంచి దిగిన ఎండ పలక మీద నిండు రూపాయి బిళ్లలా గుండ్రంగా విచ్చుకుంటుంది.

జ్ఞాపకాలు చెప్పించడం దీనికన్నా కష్టమైన పని. "ఆమె ఎలాంటివారు?" అని అడిగితే అందరూ ప్రేమమూర్తి అనే అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఏ పాఠం, ఏ వస్తువు, ఎవరు తప్పు చెప్పారు అని అడగండి. అలా అడిగినందుకే మాకు కొవ్వొత్తి కథ దొరికింది. నీళ్ల పళ్లెంలో వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే నీరు పైకెక్కుతుంది. ఆక్సిజన్ ఖర్చయిపోవడమే కారణమని చాలా చోట్ల చెబుతారు. అత్త అది ఒప్పుకునేవారు కారు. అదే నిజమైతే మంట ఉన్నంతసేపూ నీరు మెల్లగా ఎక్కుతూ ఉండాలి కదా, మంట ఆరాకనే ఎందుకు ఒక్కసారిగా ఎగబాకుతోంది అని అడిగి, తరువాత మూడు కొవ్వొత్తులు పెట్టి చూపేవారట. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే, నీరు మాత్రం ఇంకా పైకి వచ్చేది. వేడికి వ్యాకోచించిన గాలి కొంత ముందే బయటికి పోతుంది, మిగిలినది చల్లబడి కుంచించుకోగానే బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది. ఈ కథ చెప్పినామె మా వంటింట్లోకే వచ్చి చేసి చూపించింది. అత్త రోజూ దీపం పెట్టే చోట, ఆమె వాడిన గ్లాసుతోనే. ఇలాంటివాటిని ఫోన్‌లో రికార్డు చేసుకుని, అదే వారం కాగితం మీద పెట్టండి, ఫోన్లు మారిపోతాయి.

పుస్తకాల విషయంలో తొందరపడకండి. మేము రెండు పెట్టెల పుస్తకాలను ఒక పాఠశాల గ్రంథాలయానికి ఇచ్చి సంతోషపడ్డాం. ఏడాది తిరగకముందే, అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కుప్ప మీద అత్త సంతకమున్న పుస్తకం నా చేతికే తగిలింది. బేరమాడకుండా కొనుక్కుని వచ్చేశాను. ఇప్పుడైతే ఒక్కొక్క పుస్తకాన్ని, దానిని వాడే ఒక్కొక్క మనిషికి, పేరు రాసి ఇస్తాను. పాఠాలు రాసుకున్న నోటు పుస్తకాలను మాత్రం ఇంట్లోనే ఉంచి, తుప్పు పట్టిన గుండుసూదులు తీసేసి, పగటి వెలుతురులో పేజీ పేజీ ఫొటో తీసి, అడిగినవారికి ఆ ఫొటోలు పంపండి. లామినేషన్ చేయించవద్దు, తరువాత ఊడదీయలేం.

శిలాఫలకం పెట్టిద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1970 నవంబరు 21న ఇదే బెంగళూరులో కన్నుమూశారు. ఆయన స్థాపించిన పరిశోధనా సంస్థ తోటలోనే దహనం చేసి, ఆ చోట ఒక చెట్టును నాటారు. మా ఇంట్లో ఈ చర్చ ఆ చెట్టు ప్రస్తావనతో ముగిసింది. అపార్ట్‌మెంటులో ఉండేవారు చెట్టు కోసం కూడా హైరానా పడనవసరం లేదు.

భోజనానికి చిత్రాన్నం, పెరుగన్నం, మజ్జిగ చాలు. ఏప్రిల్ ఎండలో మేడ దిగివచ్చినవారు ముందుగా మజ్జిగే అడుగుతారు. వెళ్లేముందు గొట్టం ముక్క మీద ఆ ఏడాది, వచ్చినవారి పొట్టి సంతకాలు చెరగని సిరాతో రాయించి, చెక్క పలకతో పాటు ఎండ తగలని చోట దాచండి. ఆగస్టు 18న మబ్బు లేకపోతే ఇంట్లో ఉన్న ఇద్దరు ముగ్గురే దానిని మళ్లీ మేడ మీదికి తీసుకుపోవచ్చు. అప్పుడు సమయం కొంచెం వెనక్కి జరుగుతుంది, 12 గంటల 24 నిమిషాల ప్రాంతంలో చూసుకోవాలి.