బార్న్‌కి వేరియెన్స్ రావట్లేదా? ఎక్కడ ఇరుక్కున్నారో చూసుకోండి

నార్త్ కరోలినాలోని రాలీ చుట్టుపక్కల ఊరి బయట నాలుగైదెకరాలు కొనుక్కున్న మనవాళ్లు నాకు చాలామందే తెలుసు. ఇల్లు కట్టుకునేదాకా అంతా బాగానే ఉంటుంది. మేకలకో, ట్రాక్టర్‌కో, ఎండుగడ్డికో ఒక బార్న్ వేద్దామని కౌంటీ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లినప్పుడు మొదలవుతుంది టెన్షన్. "ఇక్కడ కుదరదు, వేరియెన్స్ తెచ్చుకోండి" అంటారు. వేరియెన్స్ అంటే రూల్ మార్చడం కాదు. రూల్ అలాగే ఉంటుంది, మీ ఒక్క స్థలానికి మాత్రం కొంచెం సడలిస్తారు. ఇచ్చేది బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్. నేను మొదటి అప్లికేషన్ వెనక్కి తీసుకుని, రెండోదాంతో గట్టెక్కాను. కింద రాసింది నార్త్ కరోలినా చట్టం ప్రకారం.

"పర్మిట్ కౌంటర్ దగ్గరే తిప్పి పంపేశారు"

మీ బార్న్‌ని వాళ్లు ఇంటికి అనుబంధంగా కట్టే షెడ్డు కింద లెక్కేశారు, అందుకే రెసిడెన్షియల్ రూల్స్ అన్నీ మీద పడ్డాయి. వెంటనే వేరియెన్స్ ఫారం నింపకండి. అసలు మీకు జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎలా వాడొచ్చో చెప్పే రూల్స్) వర్తిస్తుందా అన్నది ముందు తేల్చుకోండి. ఈ రాష్ట్రంలో నిజమైన వ్యవసాయ క్షేత్రానికి కౌంటీ జోనింగ్ వర్తించదు. దాన్ని వాళ్లు "బోనా ఫైడ్ ఫార్మ్" అంటారు. రుజువుగా చట్టం చెప్పిన కాగితాల్లో ఏ ఒక్కటి ఉన్నా పనికొస్తుంది: రెవెన్యూ డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఫార్మ్ సేల్స్ ట్యాక్స్ మినహాయింపు సర్టిఫికెట్, భూమి "ప్రెజెంట్ యూజ్ వాల్యూ" (మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేసే పద్ధతి) కింద ఉన్నట్టు ప్రాపర్టీ ట్యాక్స్ రికార్డు, కిందటేడాది ఫెడరల్ రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్ (వ్యవసాయ ఆదాయ ఖర్చుల ఫారం), లేదా అడవి పెంచుతుంటే దాని మేనేజ్‌మెంట్ ప్లాన్. ఎఫ్ఎస్ఏ (ఫెడరల్ వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఇచ్చే ఫార్మ్ నంబర్ చాలు అని పాత రోజుల నాటి మాట ఒకటి ఇంకా తిరుగుతోంది. అది ఇప్పుడు ఆ జాబితాలో లేదు.

ప్రెజెంట్ యూజ్ వాల్యూకి మామూలు పంటలైతే సాగులో 10 ఎకరాలుండాలి. కూరగాయలు, పండ్లు, నర్సరీ మొక్కలైతే 5 చాలు. రెంటికీ ఏడాదికి సగటున 1,000 డాలర్ల అమ్మకం చూపించాలి. నాది ఆరెకరాలు, మేకలు, అమ్మకం సున్నా. అప్పటికి షెడ్యూల్ ఎఫ్ కూడా లేదు. ఒక్క ఏడాది ఆగి, మేకపిల్లల్ని నిజంగా అమ్మి, ఆ లెక్క రిటర్న్‌లో చూపించి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. (కాగితం మీద మేకల్ని మేపడం మాత్రం వద్దు.)

మినహాయింపు వచ్చినా వరద ప్రాంతం రూల్స్, సెప్టిక్ రూల్స్ మిమ్మల్ని వదలవు.

వేరే రాష్ట్రాల వాళ్లకి ఒక మాట. టెక్సస్‌లో కౌంటీలకు మామూలుగా జోనింగ్ అధికారమే లేదు. మీ స్థలం సిటీ హద్దులో ఉంటేనే ఈ తలనొప్పి. ఒహాయోలో టౌన్‌షిప్పులు వ్యవసాయ కట్టడాలను దాదాపు ఆపలేవు, కాకపోతే సబ్‌డివిజన్లలోని చిన్న ప్లాట్ల సంగతి వేరు. బోర్డు పేరు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: పెన్సిల్వేనియాలో జోనింగ్ హియరింగ్ బోర్డ్, న్యూయార్క్‌లో జోనింగ్ బోర్డ్ ఆఫ్ అప్పీల్స్.

"హార్డ్‌షిప్ కనబడట్లేదని స్టాఫ్ రిపోర్టులో రాశారు"

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేనూ ఇక్కడే పడ్డాను. మొదటి అప్లికేషన్‌లో నేను రాసింది ఇది: మా అమ్మ ఏటా ఆరు నెలలు మా దగ్గరుంటుంది, మేకలంటే ప్రాణం, మోకాళ్ల నొప్పులు, కాబట్టి బార్న్ ఇంటికి దగ్గరగా ఉండాలి. చదివితే కళ్లు చెమరుస్తాయి. ప్లానర్ మాత్రం మర్యాదగా ఫోన్ చేసి, "ఇది మీ అమ్మగారి గురించి. మీ భూమి గురించి ఒక్క వాక్యం కూడా లేదు" అన్నాడు.

హార్డ్‌షిప్ అంటే కష్టం, చట్టం అడిగేది భూమి కష్టం. దాని ఆకారం, పరిమాణం, ఏటవాలు, వాగు, ఇలాంటివి. అది మీ స్థలానికే ప్రత్యేకంగా ఉండాలి, వీధిలో అందరికీ ఉన్న ఇబ్బంది అయితే లెక్కలోకి రాదు. మీ కుటుంబ అవసరాలు, డబ్బు ఇబ్బందులు కారణం కావు. వైకల్యం ఉన్నవారికి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద చేసే సర్దుబాటు ఒక్కటే దీనికి మినహాయింపు. కష్టం మీరు కొనితెచ్చుకున్నదై కూడా ఉండకూడదు. అయితే "ఇబ్బంది ఉందని తెలిసీ కొన్నావు కదా" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. తెలిసి కొనడం స్వయంకృతం కిందికి రాదని చట్టంలోనే రాసి ఉంది. వేరియెన్స్ లేకపోతే భూమి దేనికీ పనికిరాదని నిరూపించాల్సిన పని కూడా లేదు.

మరి ఎలా రాయాలి? మాటలు తగ్గించి అంకెలు పెంచండి. మా స్థలం రిబ్బన్ ముక్కలా ఉంటుంది, వెడల్పు 210 అడుగులు, పొడవు 1,245. పశువుల బార్న్‌కి మా దగ్గర ప్రతి పక్క హద్దు నుంచీ 100 అడుగులు వదలాలి. రెండు పక్కలా వందేసి పోతే మిగిలేది 10 అడుగుల చీలిక, అందులో మేక అడ్డంగా నిలబడితే తిరగలేదు. అదే ఆరెకరాలు చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 511 అడుగులు, వందేసి వదిలినా మధ్యలో 311 మిగిలేవి. చుట్టుపక్కల ప్లాట్లు చాలావరకు అలాంటివే. కొలతలతో సహా ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. వెనక భాగానికి ఎందుకు జరపలేనో ఇంకో బొమ్మ. అక్కడ వాగుంది. న్యూస్ నది పరీవాహకంలో వాగుకి రెండు పక్కలా 50 అడుగుల బఫర్‌లో బార్న్ కట్టకూడదు. దాని ఇవతల సెప్టిక్ డ్రెయిన్ ఫీల్డ్ (ట్యాంకు నీళ్లు ఇంకే చోటు), దానికి రిపేర్ కోసం రాసిపెట్టిన చోటు. దాని మీద ఏదీ కట్టనివ్వరు.

మొదట నేను హద్దు నుంచి 40 అడుగుల దూరం చాలన్నాను, ఇంటికి దగ్గరని. బార్న్ వెడల్పు 36. అవతలి పక్క 100 పూర్తిగా వదిలినా ఇవతల 74 మిగులుతుంది. అంటే నాకు నిజంగా కావాల్సిన సడలింపు 26 అడుగులే, నేను అడిగింది 60! ఎంత తక్కువలో పని జరుగుతుందో అంతే అడగండి. బోర్డు వాళ్లు స్కేలు పట్టుకుని ఈ లెక్కే వేస్తారు.

"సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన దూరం) సరిపోయిందనుకుని స్లాబ్ పోశాం, ఆపమని నోటీసు వచ్చింది"

ఫెన్సింగే హద్దనుకుని కొలిచారు. మన ఊళ్లో గట్టు జరిగినట్టే ఇక్కడా కంచె ఎప్పుడో ఎవరో తమ వీలుని బట్టి వేసుకుని ఉంటారు. అసలు హద్దు మట్టిలో పాతిన ఇనుప కడ్డీ దగ్గర ఉంటుంది. రోడ్డు వైపు ఇంకో తిరకాసు: తారు అంచు మీ హద్దు కాదు, రోడ్డుకిచ్చిన స్థలం తారు దాటి మీ గడ్డిలోకి వచ్చి ఉంటుంది. చూరు ఎంత బయటికి రావచ్చో కూడా కౌంటీని అడగండి.

పని అక్కడే ఆపేయండి. లైసెన్సున్న సర్వేయర్‌ని పిలవండి. రెండడుగుల తేడా అయితే చూరు కోయడమో, లీన్-టు (గోడకి ఆనించి దింపిన వసారా) తీసేయడమో వేరియెన్స్ కన్నా చవక. "ఇప్పటికే పోసేశాం, పగలగొడితే నష్టం" అనే వాదనతో బోర్డు ముందుకి వెళ్లకండి. ఆ కష్టం మీరు చేతులారా చేసుకున్నది, అంతే.

"పక్కింటాయన అందర్నీ కూడగడుతున్నాడు"

హియరింగ్‌కి 10 నుంచి 25 రోజుల ముందు పక్క స్థలాల వాళ్లకి ఉత్తరాలు వెళ్తాయి, మీ స్థలంలో నోటీసు పలక కూడా పాతుతారు. అది చూశాకే చాలామందికి తెలుస్తుంది, అందుకే కోపం. నోటీసు వెళ్లకముందే మీరే ప్లాన్ పట్టుకుని తలుపు తట్టండి. ఈగలు, వాసన, వాన నీళ్లు ఎటు పోతాయి, వాళ్ల ప్రశ్నలు ఈ మూడే. పేడ దిబ్బ ఎక్కడ పెడతారో ప్లాన్‌లో గీసి చూపించండి.

మనకున్న అలవాటు ఒకటుంది, తెలిసినవాళ్ల ద్వారా బోర్డు మెంబర్‌కి చెప్పించడం. ఇక్కడ అది పనికిరాదు, పైగా చేటు. ఈ హియరింగ్ సగం కోర్టు లాంటిది. సాక్ష్యం ప్రమాణం చేసి చెప్పాలి, మెంబర్లు బయట ఎవరితోనూ కేసు మాట్లాడకూడదు. మీరు ఫోన్ చేస్తే ఆ మెంబర్ తప్పుకోవాల్సి రావచ్చు. మీ వైపు ఉన్న ఓటే పోవచ్చు.

ఇదే రూల్ మీకూ రక్ష. "బార్న్ వస్తే మా ఇంటి ధర పడిపోతుంది" అని పక్కింటాయన అంటే అది సాక్ష్యం కిందికి రాదు, అలా చెప్పాల్సింది అప్రైజర్ (ఆస్తుల విలువ కట్టే నిపుణుడు). యాభై సంతకాల పిటిషన్ కూడా అంతే.

"3-2తో గెలిచాం, అయినా ఓడిపోయాం అంటున్నారు"

వేరియెన్స్‌కి మామూలు మెజారిటీ చాలదు, ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. ఐదుగురి బోర్డులో నాలుగు. ఖాళీగా ఉన్న సీట్లు, తప్పుకున్నవాళ్లు, వాళ్ల బదులు కూర్చునే ఆల్టర్నేట్ లేనప్పుడు లెక్కలోంచి పోతారు. ఊరికే రానివాళ్లు మాత్రం పోరు. ఆ సాయంత్రం నలుగురే వచ్చి కూర్చున్నారంటే నలుగురూ అవుననాలి. తలలు లెక్కపెట్టండి. తక్కువుంటే సాక్ష్యం మొదలవకముందే వాయిదా అడగండి. టెక్సస్ సిటీ బోర్డుల్లో కూడా 75 శాతం కావాలి.

"బార్న్‌లో ఫంక్షన్లు చేసుకుంటామంటే మొదటికే మోసం వచ్చింది"

బతుకమ్మ, హాఫ్ శారీ ఫంక్షన్లకి అద్దెకిద్దామని ప్లాన్‌లో రాశారనుకోండి, మీది బోనా ఫైడ్ ఫార్మ్ కాకపోతే అది వ్యవసాయం కాదు, వేరే వాడకం. వేరియెన్స్‌తో కొలతలు సడలిస్తారు గానీ ఆ జోన్‌లో లేని వాడకాన్ని తెచ్చిపెట్టలేరు. స్పెషల్ యూజ్ పర్మిట్టో (ఆ వాడకానికి ప్రత్యేక అనుమతి) రీజోనింగో (స్థలం జోన్ మార్చడం) అడగాలి. మేకల బార్న్ అని తెచ్చుకుని తర్వాత స్టేజ్ కట్టే ఐడియా ఉంటే ఇప్పుడే మానేయండి.

"బోర్డు కుదరదంది"

రాతపూర్వక ఆర్డర్ అందాక సుపీరియర్ కోర్టుకి వెళ్లడానికి 30 రోజులే. జడ్జి చూసేది చాలావరకు బోర్డు ముందున్న రికార్డే, హియరింగ్‌లో పెట్టని ఫొటో అక్కడ పెడతానంటే కష్టం. అందుకే మొదటిసారే అన్నీ పెట్టాలి. ఈ దశలో లాయర్ లేకుండా వెళ్లకండి.

"వేరియెన్స్ వచ్చింది, అయినా పని ఆగింది"

ఆపింది హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం), లేదా డీడ్‌లో ఎప్పుడో రాసిన షరతు. కౌంటీ ఇచ్చిన వేరియెన్స్ వాటిని కదిలించలేదు. ఫీజు కట్టకముందే డీడ్, కవనెంట్లు (స్థలం మీద రాసిపెట్టిన షరతులు) చదివించుకోవాలి. కట్టిన ఫీజు మామూలుగా తిరిగిరాదు.

ఇవేవీ లేకపోతే ఆర్డర్ కాపీలో అంకె సరిచూసుకోండి. మాదాంట్లో 74 అడుగులని ఉంది. పునాది తవ్వే ముందురోజు సర్వేయర్ చేత మళ్లీ కొలిపించి నాలుగు మూలలా మేకులు కొట్టించాం. కాంట్రాక్టర్ కుర్రాడు కంచె నుంచి కొలిచి కొట్టిన మేకు 71 దగ్గర తేలింది. అది పీకించేశాను.