ఆఫర్ లెటర్‌లో మెడికల్ ఉంది సరే, ఆ కాగితాలేవి?

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ముందు అడిగేది రూమ్మేట్‌నే. పాపం, అతనికి తెలిసింది అతని ప్లాన్ గురించే. మీ ఆఫీసులో మీ పక్క సీటు ఆయన ప్లాన్ కూడా మీది కాకపోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేకుండా మీ ప్లాన్ సంగతి మొత్తం రాసి ఉన్న కాగితాలు రెండున్నాయి. అవి మీకివ్వడం కంపెనీ దయ కాదు, బాధ్యత.

ఆ బాధ్యత పెట్టింది ఎరిసా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం. ప్రైవేటు కంపెనీల ప్లాన్లు దాదాపు అన్నీ దీని కిందకే వస్తాయి. మీరు చేరింది ప్రభుత్వ యూనివర్సిటీలోనో, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులోనో అయితే ఎరిసా వర్తించదు, అక్కడి రూల్స్ వేరు.

మొదటి కాగితం ఎస్‌బీసీ, అంటే సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్. దీన్ని మీరు ప్లాన్ ఎంచుకునేటప్పుడే ఇవ్వాలి. రెండు వైపులా అచ్చేసినా నాలుగు షీట్లు దాటకూడదు, అక్షరాలు 12 పాయింట్లకు తగ్గకూడదు. అన్ని కంపెనీలదీ ఒకే నమూనా కాబట్టి రెండు ప్లాన్లను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చివర్లో కాన్పు, షుగర్, ఎముక విరగడం అని మూడు ఉదాహరణలు లెక్కలతో ఉంటాయి. డిడక్టబుల్, కోఇన్సూరెన్స్ అంటే తల తిరిగేవాళ్లు అక్కణ్నించే మొదలుపెట్టండి. డిడక్టబుల్, అంటే ముందు మీరే కట్టుకోవాల్సింది, 1,500 డాలర్లు, ఆ తర్వాత మీ వాటా, అంటే కోఇన్సూరెన్స్, 20 శాతం అనుకుందాం. బిల్లు 4,000 అయితే ముందు 1,500 మీదే, మిగిలిన 2,500లో ఇంకో 500. మొత్తం 2,000 మీ జేబులోంచి పోతాయి. 'కవర్ అవుతుంది' అన్న మాటకు ఇక్కడ అర్థం ఇదీ.

ఉదాహరణలకు ముందు, ప్లాన్ మామూలుగా కవర్ చేయనివాటి పట్టీ కూడా ఉంటుంది. అది తప్పకుండా చదవండి. పెద్దవాళ్ల పళ్ల వైద్యం, సంతానం కోసం చేసే ట్రీట్‌మెంట్, దేశం బయట ఎమర్జెన్సీ కాని వైద్యం మీ ప్లాన్‌లో ఉన్నాయో లేవో అక్కడ తెలిసిపోతుంది. సెలవుల్లో విజయవాడ వెళ్లి పళ్లు కట్టించుకుని బిల్లు ఇక్కడ పెడదామనుకునేవాళ్లు ఆ పట్టీ చూశాకే టికెట్ బుక్ చేసుకోండి.

రెండోది లావుపాటిది. పేరు ఎస్‌పీడీ, సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్. సమ్మరీ అంటారు గానీ వంద పేజీలు దాటినవీ ఉన్నాయి. మీకు కవరేజ్ మొదలైన 90 రోజుల్లోగా ఇది అందాలి, సగటు ఉద్యోగికి అర్థమయ్యేలా రాసి ఉండాలి. రెండో షరతును చాలా కంపెనీలు కాగితం మీదే పాటిస్తాయని నా అభిప్రాయం. అయినా అసలు సరుకంతా ఇందులోనే ఉంది: ముందే అప్రూవల్ కావాల్సినవేవి, క్లెయిమ్ తిరస్కరిస్తే అప్పీల్ ఎలా, ఎవరిని ఎన్ని రోజుల్లో చేర్చాలి.

మా రెండో పాప పుట్టినప్పుడు హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్‌లో, "హాస్పిటల్ వాళ్లే పంపిస్తారండీ, ఆటోమేటిక్‌గా యాడ్ అయిపోతుంది" అంది. సరే అనుకున్నాం. ఇరవై ఆరో రోజు రాత్రి పాపని ఒళ్లో వేసుకుని, నిద్ర పట్టక, ఫోన్‌లో ఎస్‌పీడీ తెరిచి 'న్యూబార్న్' అని వెతికాను. పుట్టిన 30 రోజుల్లోగా ఉద్యోగే చేర్చాలని ఒకే ఒక్క లైనుంది. దాటితే మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏటా ప్లాన్లు మార్చుకోనిచ్చే రోజుల దాకా ఆగాలి. తెల్లారి ఆఫీసు తెరవకముందే పోర్టల్‌లో కూర్చున్నా. బర్త్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు, హాస్పిటల్ వాళ్లిచ్చిన కాగితంతో పని జరిగింది. కవరేజ్ పుట్టిన రోజు నుంచే ఇచ్చారు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని అనను, ఆమె కూడా ఆ పుస్తకం తెరిచి ఉండదు.

చిన్న కన్సల్టెన్సీల్లో చేరినవాళ్లకు ఎస్‌పీడీ అడిగితే 'చూసి చెప్తాం' అనే జవాబు మామూలే. ఫోన్‌లో అడగడం మానేసి రాసి అడగండి. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్ పేరు మీద రెండే వాక్యాలు: నేను ఫలానా ప్లాన్‌లో సభ్యుణ్ని, తాజా ఎస్‌పీడీ, ప్లాన్ డాక్యుమెంట్ పంపగలరు. అడ్మినిస్ట్రేటర్ అంటే చాలాసార్లు మీ కంపెనీయే, కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. అడిగిన 30 రోజుల్లో పంపకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. కాపీల ఖర్చు కొంత అడగొచ్చు, ఇచ్చేయండి.

ఎస్‌బీసీలో ఉన్నదాన్ని ఏడాది మధ్యలో చెప్పుకోదగ్గంతగా మార్చాలంటే మీకు 60 రోజుల ముందే చెప్పాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం, ప్లాన్‌లోని ఏ నిబంధన ప్రకారమో రాసి పంపాలి. అప్పీల్‌కి మీకు కనీసం 180 రోజులు ఉంటాయి. ఆ కవరు జంక్ మెయిల్ అనుకుని పడేయకండి.

వీసా మీద ఉన్నాం, అడిగితే ఏమవుతుందో అని టెన్షన్ పడేవాళ్లు నాకు తెలుసు. ఈ హక్కుకీ వీసాకీ సంబంధం లేదు. ప్లాన్ హక్కులు వాడుకున్నందుకు ఉద్యోగం మీద దెబ్బ కొట్టడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది. ఎంతకీ పని జరక్కపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఈబీఎస్‌ఏ అనే విభాగం ఉంది, 1-866-444-3272కి ఫోన్ చేస్తే సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. చేసేముందు మీరు పంపిన ఈమెయిల్, దాని తేదీ దగ్గర పెట్టుకోండి.