ఇసుక మెరకలో సంక్రాంతి తోట

మా అంతర్వేది వైపు చాలా మేడలు గల్ఫ్ డబ్బుతో లేచినవే. ఇంటివాళ్లు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు, తాళాలు పక్కింటివాళ్ల దగ్గర ఉంటాయి, తోట నేను చూస్తాను. దసరా దాటగానే ఫోన్లు మొదలవుతాయి: "బాబాయ్, పండక్కి వస్తున్నాం. గేటు దగ్గర్నుంచి పూలతో నిండిపోవాలి." సరేనమ్మా అంటాను. నేనూ కువైట్‌లో తోటపని చేసి వచ్చినవాణ్ణే. అక్కడ మే, జూన్‌లలో ఏదీ బతకదు కాబట్టి చలికాలమే తోటల కాలం. నవంబరు వచ్చిందంటే రోడ్ల పక్కన పెటూనియాలు పరుస్తారు. మన సముద్రపు ఒడ్డు ఇసుకలో కూడా నీళ్లు నిలవవు, ఉప్పు పైకొస్తుంది, గాలి ఆకుల్ని ఎండగొడుతుంది. అందుకే అక్కడ నేర్చిన పని ఇక్కడ సగం పనికొస్తుంది. మిగతా సగానికి మన మంచు, మన తుపాను అడ్డం.

మొక్కలు కొనడానికి కడియం పరిగెత్తే ముందు ఒక మధ్యాహ్నం పెరట్లో నిలబడండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగిపోతాడు. 10 అడుగుల ఇంటి గోడ ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ ఉత్తరం వైపు 8 అడుగులు దాటుతుంది. అదే గోడకి మే నెలలో నీడే ఉండదు. కాబట్టి వేసవిలో ఎండ దంచే ఉత్తరపు పెరడు చలికాలంలో చీకటిగా, చెమ్మగా ఉంటుంది. అక్కడ బంతి వేస్తే కాడలు సాగుతాయి తప్ప పూయవు. పూలన్నీ దక్షిణం, తూర్పు వైపుకి. ఉత్తరం వైపు క్రోటన్లు, ఫెర్న్‌లు, మనీప్లాంటు పెట్టుకోండి. కొబ్బరిచెట్ల నీడ పల్చన, అది రోజంతా కదులుతుంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

రెండోది నీళ్లు. మెరకలో వానకి దిగిన మంచినీళ్లు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. బోరు లోతుకి దింపినా, మోటారు గంటల తరబడి వదిలేసినా ఆ ఉప్పు పైకి లాక్కొచ్చుకున్నట్టే. అక్టోబరు వానల తర్వాత నీళ్లు మంచిగా ఉంటాయి, జనవరి దాటేకొద్దీ ఉప్పెక్కుతాయి. నాలిక మీద వేసుకుంటే కొంత తెలుస్తుంది, నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు కొనుక్కుంటే ఇంకా నయం. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు పేరుకున్నట్టు. కువైట్‌లో మాకు నేర్పింది ఇదే: రోజూ కొంచెం కొంచెం పోస్తే ఉప్పు వేరు దగ్గరే ఉండిపోతుంది, అప్పుడప్పుడూ కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి కడిగేయాలి. వాన నీళ్లో కాలువ నీళ్లో దొరికితే అందుకు వాడండి. ఉప్పు మరీ ఎక్కువైన ఇళ్లకి గులాబీ వద్దంటాను. గన్నేరు, దేవగన్నేరు, కాగితం పూలు పెట్టించుకోమంటాను. కాగితం పూలకి డిసెంబరులో నీళ్లు తగ్గిస్తే ఇంకా విరగబూస్తాయి. నీళ్లు ఎక్కువైతే ఉత్త ఆకే.

ఇసుకని బాగుచేయడానికి మన దగ్గర ఉన్నంత సరుకు ఎడారిలో ఎక్కడిది? కొబ్బరి పీచు తీసే మిల్లుల దగ్గర పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. అలాగే తెచ్చి వేసేయకండి, దాన్లో కూడా ఉప్పుంటుంది. గోనెసంచిలో వేసి తొట్టెలో నానబెట్టి పిండండి, ఎర్రనీళ్లు తగ్గేదాకా మళ్లీ మళ్లీ. అప్పుడు ఒక వంతు పొట్టు, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, రెండు వంతులు ఇసుక కలిపి, పిడికెడు వేపపిండి చల్లితే పూలమడికి సరిపోతుంది. ఇసుకలో ఎరువు నిలవదు కాబట్టి ఒకేసారి గుమ్మరించడం దండగ. పదిహేను రోజులకోసారి కొద్దిగా.

బంతి గింజ అక్టోబరు ఆఖరుకి పడిపోవాలి. గింజ వేసిన రెండు నెలలకి, కాస్త అటూ ఇటుగా, పూత మొదలవుతుంది. భోగి నాటి గొబ్బెమ్మలకి ఇంటి పూలు కావాలంటే అంతకన్నా ఆలస్యం కుదరదు. అయితే నారు మాత్రం ట్రేల్లో వరండా లోపలే ఉంచండి. నవంబరు మన తుపాన్ల నెల. 1996లో కోనసీమని ఊడ్చేసిన తుపాను నవంబరు 6నే వచ్చింది. కువైట్‌లో ఏడాదంతా కలిపి కురిసే వాన 100 మిల్లీమీటర్ల పైచిలుకే, మనకి ఒక్క తుపాను రోజున అంతా పడిపోతుంది. వాయుగుండం కబురు రాగానే కుండీలు మేడ మీద నుంచి దించి గోడవారన చేర్చండి. నేలలో నాటే పని వాన తెరిపిచ్చాక చేసుకోవచ్చు. నాటిన మూడు వారాలకి కొన తుంచేయండి, పక్క కొమ్మలు వచ్చి గుబురు కడుతుంది. తుంచమంటే ఇంటివాళ్లకి ప్రాణం ఒప్పదు, వాళ్లు రాకముందే తుంచేస్తాను.

చామంతి ఇంట్లో పెంచే ఓపిక లేకపోతే డిసెంబరు రెండో వారంలో కడియపులంకలో కొనండి. విచ్చిన పూలు చూసి మోసపోవద్దు, మొగ్గ కొనలో రంగు తొంగిచూస్తున్నవి ఏరుకోండి, అవి కనుమ దాకా ఉంటాయి. కవరు చింపి చూస్తే వేర్ల చుట్టూ మట్టి గట్టిగా ముద్ద కట్టి ఉంటుంది. దాన్ని అలాగే ఇసుకలో పాతితే, పోసిన నీళ్లు పక్క ఇసుకలోంచి జారిపోతాయి, ముద్ద మాత్రం ఎండిపోతుంది. పైన చూస్తే మడి తడిగానే ఉంటుంది, మొక్క వాడిపోతుంటుంది. బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, పై మట్టి వేళ్లతో వదులు చేసి అప్పుడు నాటండి.

ఇంకో సంగతి, చామంతికి పొడుగు రాత్రి కావాలి. చిక్కుడుకీ అంతే, అందుకే పాదు ఎప్పుడు పెట్టినా పూత చలికాలంలోనే దిగుతుంది. గేటు లైటు కిందో, రొయ్యల చెరువు లైట్లు పడేచోటో పెట్టిన చామంతి మొగ్గ వేయకుండా ఆకు మీద ఆకు వేస్తూ కూర్చుంటుంది. మందులు కొట్టక్కర్లేదు, చోటు మార్చండి, లేదా లైటు ఆర్పేయండి.

మంచు మొదలయ్యాక సాయంత్రం నీళ్లు మానేయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే మచ్చలు, కుళ్లు వస్తాయి. పొద్దున్నే మొక్క మొదలు దగ్గర పోయండి, ఆకు మీద కాదు. గులాబీ, జినియాల మీద బూడిద తెగులు కనిపిస్తే ఆ ఆకులు తుంచేసి, నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. చిక్కుడుకి పేనుబంక పడితే తొలిరోజుల్లో కట్టెల బూడిద చల్లితే చాలు.

కొబ్బరి కింద ఉన్న మొక్కలకి అసలు బాధ తెల్లదోమ. పైన మట్టల అడుగున అది కూర్చుని జిగురు కారుస్తుంది, కింద నూరువరహాల ఆకుల మీద నల్లటి మసి పేరుకుంటుంది. పురుగుమందు కొడితే దోమని తినే మిత్రపురుగులూ పోతాయి, ఆ మిత్రపురుగుల కోసం అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో అడగండి. మసికి మాత్రం గంజి మంచి మందు. లీటరు నీళ్లకి 10 గ్రాముల గంజిపొడి ఉడికించి పల్చగా చల్లితే, ఎండకి ఆరి పొర కట్టి, మసితో సహా పొరలుగా రాలిపోతుంది.

లాన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. చలికి గడ్డి నెమ్మదిస్తుంది, కొంచెం పసుపురంగుకి తిరుగుతుంది. నీళ్లు గుమ్మరించకండి, కాస్త ఎత్తుగా కోయించండి.

మల్లెకి డిసెంబరు నుంచి నీళ్లు ఆపేయండి. పండగ వెళ్లాక ఆకు దూసి, మోకాలెత్తుకి కత్తిరించి, ఎరువు వేసి నీళ్లు పెడితే మార్చిలో మొగ్గ. పూత అయిపోయిన చామంతిని పారేయకుండా జానెడు ఎత్తుకి కోసి నీడకి చేర్చండి. మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక ఆ కుండీలకి బోరు నీళ్లు పోయకుండా తాగేనీళ్లు చెంబెడు పోస్తూ ఉంటే, తొలకరికి పిలకలు విడదీసి నాటుకోవచ్చు.