మిరపలో కాయకుళ్ళు: మచ్చ కనబడక ముందే పట్టుకోవడం ఎలా

పండుకాయ మీద గుంటపడిన మచ్చ, అందులో వలయాలు వలయాలుగా నల్లటి చుక్కలు కనిపిస్తే గుంటూరు వైపు రైతు కాయకుళ్ళు అని ఇట్టే పోల్చుకుంటాడు. వెంటనే మందుల దుకాణానికి పరిగెడతాడు. కానీ ఆ కాయలోకి తెగులు చొరబడింది ఆ రోజు కాదు. కాయ పచ్చిగా ఉన్నప్పుడే, ఏదో ఒక వానరాత్రి, లోపలికి దిగి కూర్చుంది. మచ్చ చూసి కొట్టే మందు ఆ కాయను బాగుచేయలేదు, పక్క కాయను మాత్రమే కాపాడగలదు. మందు ఎప్పుడు కొట్టాలన్నది ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

దీనికి కారణం కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. మన మిరపలో ఎక్కువగా కనిపించేది కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్. పాత పుస్తకాల్లో క్యాప్సిసి అని ఉంటుంది. కొమ్మ చివరి నుంచి కిందికి ఎండుకుంటూ వచ్చే కొమ్మ ఎండు తెగులుకూ, కాయకుళ్ళుకూ కారణం ఇదే.

మచ్చలోని నల్ల చుక్కల్లో శిలీంధ్ర బీజాలు (తెగులును వ్యాపింపజేసే సూక్ష్మ కణాలు) జిగురులో అంటుకుని ఉంటాయి. ఆ జిగురు ఉన్నంతసేపు బీజం మొలకెత్తదు, పొడిగాలికి ఎగరదు కూడా. చినుకు పడితే జిగురు కరిగి, నీటి తుంపరతో పాటు పక్క కాయ మీదికి చిందుతుంది. అక్కడ రాత్రంతా తడి నిలిచి, వేడి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటే బీజం మొలకెత్తుతుంది. మొలక చివర అప్రెసోరియం అనే నల్లటి చిన్న ముద్ద ఏర్పడి కాయ తోలుకు గట్టిగా అతుక్కుంటుంది. అందులో ఒత్తిడి పెరిగి, సన్నని మేకులాంటి పోగు తోలు పైపొరను చీల్చుకుని దిగుతుంది. పచ్చికాయలో అక్కడితో ఆగిపోయి, రంగు తిరిగేటప్పుడు మళ్ళీ కదులుతుంది. అందుకే పచ్చిగా నిగనిగలాడిన చేను పండేసరికి ఒక్కసారిగా మచ్చలతో నిండిపోతుంది. కాయలు రంగు పోయి తెల్లబడి, కల్లంలో తాలు (నాసిరకం కాయ) కింద తేలతాయి.

మీ చేలో తెగులు దాగి ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రంగు మారడం మొదలైన, మచ్చలేని కాయలు ఇరవై, ముప్పై చేలో పలుచోట్ల కోయండి. మూతపెట్టే ప్లాస్టిక్ డబ్బాలో తడిపి పిండిన కాగితం పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, నీడలో ఉంచండి. కాగితం తడి ఆరనివ్వకూడదు, అలాగని నీళ్ళు నిలవకూడదు. నాలుగైదు రోజుల నుంచి వారం దాకా చూడండి. గుంటపడిన మచ్చ వస్తే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టండి: నల్లటి ముళ్ళలాంటి వెంట్రుకలు, వాటి మధ్య లేత గులాబీ రంగు జిగురు ఉంటే కాయకుళ్ళే. ఎండ తగిలే వైపు మాత్రమే తెల్లగా కాగితంలా పొరకట్టి, వలయాలు లేకపోతే అది ఎండదెబ్బ. దానికి మందు కొడితే డబ్బు దండగ. లేత కొమ్మలు వానల్లో మెత్తగా కుళ్ళి, వెండిపోగుల చివర నల్ల గుండుసూది తలలు కనిపిస్తే అది కోనేఫోరా కొమ్మకుళ్ళు, వేరే తెగులు.

ఇక విత్తనం. మచ్చ పడిన కాయ నుంచి తీసిన గింజతో తెగులు నారుమడికి చేరుతుంది, కాబట్టి మచ్చలేని కాయల గింజనే ఉంచుకోండి. ఇంటి విత్తనానికి కిలోకు 3 గ్రాముల క్యాప్టాన్ లేదా మాంకోజెబ్ పట్టించాలి. రంగు పూతతో వచ్చే సంకర విత్తనానికి అప్పటికే మందు పట్టించి ఉంటుంది, ప్యాకెట్ మీద చదవండి. కోత అయిపోయాక మిరప కట్టెను గట్టు మీద పోగేసి వదిలితే వచ్చే ఏడాది తెగులుకు అదే పుట్టిల్లు. తీసేయాల్సిందే. దుక్కిలో ఎకరాకు 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలుచేసే శిలీంధ్రం) కలిపి, తడి చల్లి, నీడలో వారం పది రోజులు మాగబెట్టి చల్లవచ్చు. ఇది నేల తెగుళ్ళకు బాగా పనిచేస్తుంది. కాయకుళ్ళును ఇదొక్కటే ఆపుతుందని మాత్రం అనుకోవద్దు.

మందుల విషయంలో రైతులు ఎక్కువగా పొరపడేది సమయం దగ్గర. మాంకోజెబ్ కాయ పైన ఉండి బీజాన్ని మొలకెత్తనివ్వదు, లోపలికి దిగిన దాన్ని తాకలేదు. కాబట్టి కాయ పట్టాక వాన సూచన ఉంటే ముందే లీటరుకు 3 గ్రాములు, అంటే 200 లీటర్ల నీటికి 600 గ్రాములు పిచికారీ చేయండి. వాన పడి, రెండుమూడు రోజులు మబ్బు పట్టి తడి ఆరకపోతే, తెరిపి ఇవ్వగానే అజాక్సిస్ట్రోబిన్ 23 శాతం మందు లీటరుకు 1 మి.లీ. (ఎకరాకు 200 మి.లీ.) కొట్టండి. మళ్ళీ కొట్టాల్సి వస్తే అదే వద్దు, డైఫెనోకొనజోల్ 25 శాతం లీటరుకు అర మి.లీ. (100 మి.లీ.) వాడండి. ఒకే గుంపు మందు వరుసగా కొడితే తట్టుకునే బీజాలే మిగిలి పెరుగుతాయి. కార్బెండజిమ్ మీదే ఏళ్ళ తరబడి ఆధారపడితే జరిగేది ఇదే. కొట్టిన మందుకూ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు సీసా మీద ఉంటాయి, వాటిని పాటించకపోతే కాయలో అవశేషాలు మిగులుతాయి.

ఆకు దట్టంగా ఉన్న చేలో మందు పైపైనే ఆగిపోతుంది. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి, కాయలున్న లోపలి కొమ్మలు తడిసేలా కొట్టాలి. యూరియా ఎక్కువ వేసిన చేను గుబురెక్కి తడి ఆరనివ్వదు, తెగులుకు అదే కావాలి. తడి ఆరకముందే కూలీలను చేలోకి దింపకండి, చేతులతో, బట్టలతో బీజాలు సాలు నుంచి సాలుకు పాకుతాయి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినట్టు, కోత దగ్గరపడిన వేళ వాన వస్తే పండిన కాయను ముందు కోసేయడం మేలు. తడి కాయను కుప్పపోస్తే ఒక్క రాత్రిలోనే వేడెక్కి బూజు పడుతుంది. కల్లంలో పట్టాల మీద పలుచగా పరచి, సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. మచ్చకాయను, తాలును విడిగా తీసి, తేమ 10, 11 శాతానికి దిగాకే టిక్కీల్లో (మిరప నింపే గోనె సంచుల్లో) నింపాలి.