సుదూర కాలినడకపై పరిశోధనా పత్రం: ఆధారాలు ఎలా వెతకాలి, ఎలా ఉటంకించాలి?

అమెరికాలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు కిందటేడు అపలేచియన్ ట్రెయిల్ (తూర్పు అమెరికా కొండల మీదుగా జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా సాగే కాలిబాట) మీద ఒక పేపర్ రాసింది. మొదటి చిత్తుప్రతి నాకు పంపింది. రెండో పేరాలో ఈ వాక్యం ఉంది: "1921లో బెంటన్ మకై జార్జియా నుంచి మెయిన్ దాకా కాలిబాట వేయాలని ప్రతిపాదించాడు." ఆధారం ఏదమ్మా అని అడిగితే ఒక టూరిజం వెబ్‌సైట్ లింకు పెట్టింది. మకై రాసిన వ్యాసం చూశావా అన్నాను. "నూరేళ్ల కిందటిది ఇప్పుడు దొరుకుతుందా మామయ్యా?" అంది.

దొరుకుతుంది. 1921 అక్టోబరులో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ పత్రికలో 325వ పేజీ నుంచి 330 దాకా అచ్చయింది. ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని చదివాం. మకై చెప్పిన ప్రధాన మార్గం ఉత్తరాన మౌంట్ వాషింగ్టన్ నుంచి దక్షిణాన మౌంట్ మిచెల్ వరకే. అంటే న్యూహాంప్‌షైర్ నుంచి నార్త్ కరొలైనా దాకా. పైగా ఆయన ఉద్దేశం బాట ఒక్కటే కాదు. దాని వెంట విడిది శిబిరాలు, కొండల్లో స్థిరపడే చిన్న సముదాయాలు, పంట పండించే శిబిరాలు కూడా రావాలన్నాడు. జార్జియా నుంచి మెయిన్ దాకా బాట పూర్తయింది 1937లో. ఒక్క వాక్యం వెనక్కి వెళ్లి చూసేసరికి ఆ అమ్మాయి పేపర్‌కి అసలు ప్రశ్న దొరికింది: పట్టణ జీవితానికి మందుగా ఊహించిన ప్రణాళిక చివరికి నడిచేవాళ్ల బాటగా ఎలా మిగిలింది?

ఆధారాలు వెతకడమంటే ముఖ్యంగా ఇదే. ప్రతి వాక్యాన్నీ అది పుట్టిన చోటికి తీసుకెళ్లడం. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

1. ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"సుదూర నడక" అని వెతికితే సముద్రంలో పడతారు. చరిత్రా, ఆరోగ్యమా, పర్యావరణమా, మనస్తత్వమా? ఒకటి ఎంచుకుని, దాన్ని ఒక బాటకో ఒక కాలానికో కుదించండి. "1968 జాతీయ బాటల చట్టం తర్వాత అపలేచియన్ ట్రెయిల్ భూసేకరణ" అనుకుంటే వెతకడానికి ఒక దారి ఏర్పడుతుంది.

2. వెతికే మాటలు మార్చి మార్చి చూడండి

ఈ నడకకు రకరకాల పేర్లున్నాయి. బాట మొత్తాన్ని పన్నెండు నెలల్లోపు నడిచేస్తే అమెరికన్లు దాన్ని త్రూ-హైక్ అంటారు. ముక్కలు ముక్కలుగా ఏళ్ల తరబడి నడిస్తే సెక్షన్ హైక్. బ్రిటన్ వాళ్లు ఎక్కువగా లాంగ్-డిస్టెన్స్ వాకింగ్ అంటారు. పరిశోధకుల వ్యాసాల్లో అవుట్‌డోర్ రిక్రియేషన్, బ్యాక్‌ప్యాకింగ్ అన్న మాటలుంటాయి. పరిశోధనా వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక్కో మాటనీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన బాట పేరు చేర్చి చూడండి. మంచి వ్యాసం ఒకటి తగలగానే రెండు పనులు చేయండి. దాని చివర ఉన్న రిఫరెన్సుల జాబితా చదివితే వెనకటి పరిశోధన తెలుస్తుంది. దాని కింద ఉండే "సైటెడ్ బై" నొక్కితే తర్వాత ఎవరేం రాశారో తెలుస్తుంది. కొత్తగా వెతకడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

ఆరోగ్యం మీదైతే పబ్‌మెడ్, సమాజశాస్త్రం, చరిత్ర మీదైతే జేస్టోర్, పాత పత్రికలకు హాథీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భండారాలు చూడండి. వ్యాసం చదవడానికి డబ్బు అడిగితే కట్టేయకండి. మీ కాలేజీ లైబ్రరీలో అడిగితే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. చాలామంది విద్యార్థులకు ఈ సౌకర్యం ఉందనే తెలియదు.

3. మూల ఆధారం దాకా వెళ్లండి

1948లో ఎర్ల్ షాఫర్ అనే మాజీ సైనికుడు అపలేచియన్ ట్రెయిల్ మొత్తం ఒకే విడతలో నడిచానని చెప్పాడు. అలా నమోదైన మొదటి నడక అదే. ఆ దారిలో ఆయన రాసుకున్న చిన్న నోటుపుస్తకం స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది, స్కాన్లు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఆయన కొన్ని భాగాలు వదిలేశాడని తర్వాత కొందరు వాదించారు. అలాంటప్పుడు ఎవరో రాసిన జీవితకథ కన్నా ఆ డైరీ పేజీయే మీకు కావలసింది. మకై కాగితాలు డార్ట్‌మత్ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి. 1968 అక్టోబరు 2న వచ్చిన జాతీయ బాటల చట్టం నంబరు పబ్లిక్ లా 90-543. చట్టం గురించి రాసేటప్పుడు చట్టం పాఠమే తెరవండి.

మన వైపు నుంచి రాసేవాళ్లకు ఒక మాట. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రాచరిత్ర తెలుగులో గొప్ప ఆధారం. కానీ ఆయన వెళ్లింది పల్లకీలో. అంత దూరం నడిచింది బోయీలు. వాళ్ల గురించి తెలుసుకోవాలంటే వాళ్లను పెట్టుకున్నవాడి రాతల్లోనే వెతకాలి. ఈ సంగతి గమనించి రాస్తే అదే మంచి పేపర్ అవుతుంది.

4. అంకె కనిపిస్తే ఆగండి

2003లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బౌల్‌వేర్, మరో ఇద్దరు కలిసి రాసిన వ్యాసం ఉంది. 1997లో అపలేచియన్ ట్రెయిల్‌పై కనీసం ఏడు రోజులు నడిచినవాళ్ల ఆరోగ్యం గురించి. అందులో 64 శాతం మందికి పాదాలకు బొబ్బలు, 56 శాతం మందికి విరేచనాలు అని ఉంటుంది. దేనిలో 64 శాతం? ప్రశ్నలు పంపింది 334 మందికి, జవాబిచ్చింది 280 మంది. ఆ 280లో 180 మంది అన్నమాట. దీన్ని "హైకర్లలో 64 శాతం మందికి" అని రాస్తే పొరపాటే. ఏ ఏడాది, ఏ బాట, ఎంతమంది, ఎవరు చెప్పారు అన్న నాలుగూ మీ వాక్యంలో ఉండాలి.

బాట పొడవు కూడా ఇంతే. అది 2,190 మైళ్ల పైచిలుకు. దారి మళ్లించినప్పుడల్లా, మళ్లీ కొలిచినప్పుడల్లా ఆ అంకె కాస్త మారుతుంది. కాబట్టి ఏ ఏటి లెక్కో చెప్పాలి. మొత్తం నడిచామని, బాట బాగోగులు చూసే అపలేచియన్ ట్రెయిల్ కన్జర్వెన్సీకి చెప్పేది నడిచినవాళ్లే. బాట పూర్తిచేసినవాళ్ల జాబితా నమ్మకం మీద నడుస్తుందని రాయడం ఆ సంస్థను తక్కువ చేయడం కాదు.

నడిచినవాళ్ల బ్లాగులు, వీడియోలు వాడొచ్చా? తప్పకుండా వాడొచ్చు. వాళ్లకు ఎలా అనిపించిందో చెప్పడానికి అవి ఆధారం. అందరికీ ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం కావు.

5. చదువుతున్నప్పుడే రాసి పెట్టుకోండి

తర్వాత చూసుకుందాంలే అంటే చివరి రాత్రి టెన్షనే. నేనొకసారి ఒక వ్యాసానికి పేజీ నంబరు రాసుకోక, ఒక్క వాక్యం కోసం మూడు రోజులు లైబ్రరీ చుట్టూ తిరిగాను. రచయిత, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటి, పేజీ వెంటనే రాసుకోండి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవన్నీ దాచి పెడుతుంది. కానీ అది పట్టుకొచ్చిన వివరాల్లోనూ తప్పులుంటాయి, ఒకసారి సరిచూడాలి. వేరేవాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే అక్కడే కొటేషన్ గుర్తులు పెట్టండి. నెల తర్వాత అది మీ వాక్యమో వాళ్ల వాక్యమో మీకే గుర్తుండదు.

వెబ్ పేజీ అయితే చూసిన తేదీ కూడా కావాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకు ఈ బాట దక్షిణ భాగం బాగా దెబ్బతింది. మూసిన, తెరిచిన భాగాల సమాచారం అప్పుడు మారుతూనే ఉంది. అలాంటి పేజీని, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి ఆ లింకు ఇవ్వండి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సును మీ కళ్లతో తెరిచి చూడకుండా పెట్టకండి. లేని వ్యాసాలను ఉన్నట్టు చెప్పడం వాటికి అలవాటు.

6. ఉటంకించడం

ముందు ఏ పద్ధతో మీ టీచర్‌ని అడగండి. సామాజిక, ఆరోగ్య శాస్త్రాలకు సాధారణంగా ఏపీఏ, సాహిత్యానికి ఎంఎల్‌ఏ, చరిత్రకు షికాగో అనే పద్ధతులు వాడతారు. ఏపీఏలో అయితే వాక్యం చివర (బౌల్‌వేర్ et al., 2003) అని, జాబితాలో ఇంటిపేరు, పేరు పొడి అక్షరాలు, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటి, పేజీలు వరసగా వస్తాయి. డైరీ లాంటివాటికి పేజీ తేదీ, సేకరణ పేరు, అది ఉన్న సంస్థ పేరు చాలా అవసరం. మకై మాటను ఇంకొకరి పుస్తకంలో మాత్రమే చూసి ఉంటే, ఆ పుస్తకంలో ఉటంకించినట్టు అని నిజాయితీగా చెప్పండి.

తెలుగు రచయితల పేర్ల దగ్గర జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరు అనుకుని వీరాస్వామయ్యను ముందుకు తెస్తుంది. అక్కడ 'ఏనుగుల' అన్న ఇంటిపేరే ముందుండాలి.

పంపే ముందు ప్రింటు తీసి పెన్సిల్ పట్టుకోండి. పేపర్‌లో ఉటంకించిన ప్రతిదీ జాబితాలో ఉందా? జాబితాలో ఉన్న ప్రతిదీ పేపర్‌లో ఎక్కడో వాడారా? ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ పోండి. మా మేనకోడలు అలా చూస్తే ఆ టూరిజం వెబ్‌సైట్ ఇంకా జాబితాలోనే ఉంది. కొట్టేసింది.