బెంగళూరు పీజీలో ఉంటూ తక్కువ ఖర్చుతో కడుపు నింపుకోవడం

పీజీ అద్దెలో భోజనం కలిసే ఉంటుంది. అయినా కూర నచ్చక రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో ఆర్డర్ పెడతారు. డబ్బు కరిగేది అక్కడే: బిర్యానీ ధర మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు, పైన జీఎస్టీ. గదిలో చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఒకటి ఉంటే ఈ ఖర్చు చాలావరకు ఆగిపోతుంది. కొన్ని పీజీల్లో కుక్కర్ పెట్టనివ్వరు కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి.

ఒక్కరికి కుక్కర్‌తో వచ్చిన గ్లాసుతో ఒక గ్లాసు సోనా మసూరి చాలు, సుమారు 150 గ్రాములు. పాత బియ్యమైతే రెండున్నర గ్లాసుల నీళ్ళు, కొత్తవైతే రెండు. మీట పైకి లేచాక పది నిమిషాలు మూత తీయొద్దు. వెంటనే తీస్తే పైన పలుకు, అడుగున ముద్ద. మారతహళ్ళి, బీటీఎం వైపు కర్రీ పాయింట్లలో అన్నం లేకుండా కూర, పప్పు ప్యాకెట్లు అమ్ముతారు. ఇద్దరు పంచుకుంటే ఇంకా కలిసొస్తుంది.

పప్పు గదిలోనే వండుకోవాలంటే కందిపప్పు కన్నా పెసరపప్పు మేలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆవిరి బిగించని రైస్ కుక్కర్లో కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. అర గ్లాసు పెసరపప్పుకి రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె (లేకపోతే పొంగి కుక్కరంతా పాడవుతుంది). మూత కాస్త ఓరగా పెట్టండి. బోరు నీళ్ళు పోయొద్దు, వాటిలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. క్యాన్ నీళ్ళే వాడండి. టమాటా, చింతపండు పప్పు మెదిగాకే వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు త్వరగా ఉడకదు.

కూరగాయలకు హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) కొట్టు మంచిది, పావుకిలో అయినా తూచి ఇస్తారు. కేఆర్ మార్కెట్ చవకే గానీ నలుగురు కలిసి కొనుక్కుంటేనే లాభం. ఒక్కరే సంచి నింపుకొస్తే సగం కుళ్ళిపోతుంది.

బయట తినాల్సి వస్తే దర్శినికి, అంటే నిలబడి తినే చిన్న హోటలుకి వెళ్ళండి. అన్నం, సాంబారు ప్లేటు ఒక్కటే చాలు, ఫుల్ మీల్స్ అక్కర్లేదు. కాఫీ 'బై టూ' అంటే రెండు కప్పుల్లో పోసి ఇస్తారు. ప్రభుత్వ చవక భోజనశాల ఇందిరా క్యాంటీన్ 2017లో మొదలైనప్పుడు టిఫిన్ 5, భోజనం 10 రూపాయలు. అక్కడ ఆ పూటకి తెచ్చిన తిండి అయిపోతే అంతే, కాబట్టి పెందరాళే వెళ్ళాలి.

పెరుగు కొనడం కన్నా అర లీటరు నందిని పాలు కాచి తోడేసుకోవడమే చవక. అయితే డిసెంబరు చలికి రాత్రంతా ఉంచినా పాలు పాలుగానే ఉంటాయి. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడిగా ఉండగా చెంచాడు పెరుగు కలిపి, గిన్నెను హాట్‌ప్యాక్‌లో పెట్టి తువ్వాలు చుట్టండి. కుక్కర్‌ను వార్మ్‌లో ఉంచి అందులో మాత్రం పెట్టొద్దు, ఆ వేడికి తోడు చచ్చిపోతుంది.