అమ్యూజ్‌మెంట్ పార్కు లోపలి చెయిన్ రెస్టారెంట్: ఆర్డరు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

ఎండలో క్యూల్లో నిలబడి అలసిపోయిన వేళ తెలిసిన పేరున్న బోర్డు కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. రుచి తెలుసు, ధర తెలుసు, ఫోనులో ఆ సంస్థ యాప్ కూడా ఉంది కదా అన్న ధీమాతో లోపలికి అడుగు పెడతాము. ఈ మూడింటిలో రుచి విషయంలో మాత్రమే ఆ ధీమా చాలావరకు నిలుస్తుంది. బోర్డు చెయిన్‌దే అయినా, దానిని నడిపేది చాలా చోట్ల పార్కు యాజమాన్యమే. పేరు, తయారీ పద్ధతి వాడుకోవడానికి లైసెన్సు తీసుకుని, తన సిబ్బందితో, తాను నిర్ణయించిన ధరలకు అమ్ముతుంది. ఉదాహరణకు, ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2013 నుంచి స్టార్‌బక్స్ కాఫీ అమ్ముతున్న మెయిన్ స్ట్రీట్ బేకరీలో కౌంటరు వెనుక నిలబడేది డిస్నీ ఉద్యోగులే.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఆ రెస్టారెంటును ఎవరు నడుపుతున్నారన్నది. చెయిన్ యాప్ తెరిచి ఆ శాఖను వెతకండి. మ్యాపులో కనిపిస్తూ కూడా ఆర్డరు పెట్టే వీలు లేకపోతే, అది లైసెన్సు మీద నడుస్తూ ఉండవచ్చు. అప్పుడు యాప్‌లోని కూపన్లు, ఉచిత వస్తువుల ఆఫర్లు, పాయింట్లు అక్కడ చెల్లకపోయే అవకాశం ఎక్కువ. దీనికి విరుద్ధమైన సమస్య కూడా ఒకటి ఉంది, దానిని చాలామంది గమనించరు. కొన్ని పార్కులలో చెయిన్ సంస్థగాని, దాని పేరుతో శాఖ నడిపే హక్కు కొన్న ఫ్రాంచైజీదారుగాని స్థలం అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుతారు. అక్కడ పార్కు ఇచ్చిన సీజన్ పాస్ తగ్గింపు, ముందుగా డబ్బు కట్టి కొన్న భోజన పథకం, పానీయాలు మళ్లీ మళ్లీ నింపుకునే కప్పు పనికిరాకపోవచ్చు. భోజన పథకం కొనేటప్పుడే అది చెల్లే రెస్టారెంట్ల జాబితాను తెరిచి, మీరు తినదలచిన పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి. కప్పు సంగతి మాత్రం కౌంటరు దగ్గర బిల్లు వేయకముందే అడగడం మేలు; బిల్లు పడిన తరువాత వాదించి సాధించేది తక్కువ.

ధర ఎక్కువగానే ఉంటుందని ముందే అనుకోండి. బయటి శాఖలో ఉండే చవక కాంబోలు ఇక్కడి మెనూ బోర్డు మీద ఉండకపోవచ్చు. మెనూ కూడా కుదించి ఉంటుంది, ఎందుకంటే చిన్న వంటగదిలో, తక్కువ సమయంలో, ఎక్కువ మందికి అందించాలి. పోల్చి చూస్తే, అదే పార్కు సొంత భోజనశాలలో దాదాపు అంతే ధరకు ఇంతకంటే మంచి భోజనం దొరికే సందర్భాలు ఉంటాయని నా అభిప్రాయం. అయితే కొత్త రుచులు ముట్టని పిల్లలు వెంట ఉన్నవారికి తెలిసిన బోర్డే దిక్కు.

ఆహార అలెర్జీలు ఉన్నవారు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి. చెయిన్ వెబ్‌సైట్‌లో కనిపించే అలెర్జీ పట్టిక మామూలు శాఖలను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినది కావచ్చు. పార్కులోని వంటగదిలో వేపుడు నూనె, బన్నులు, సాసులు వేరుగా ఉండవచ్చు. అన్నిటికీ ఒకే ఫ్రైయర్ వాడుతూ ఉండవచ్చు. పట్టికను నమ్ముకోకుండా, మేనేజరును పిలిపించి, ఫలానా పదార్థం ఏ నూనెలో వేగుతుందో సూటిగా అడగాలి.

వేళ విషయంలో సూత్రం చిన్నదే: మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు ఉండే రద్దీకి ముందో తరువాతో తినాలి. పార్కు యాప్‌లో ముందస్తు ఆర్డరు ఉంటే, ఆకలి వేసేదాకా ఆగకుండా ఉదయమే సమయం ఎంచుకోండి. తలకిందులుగా తిప్పే రైడ్లు మిగిలి ఉంటే వాటిని భోజనానికి ముందే ముగించుకోవాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ పార్కులలోని క్విక్ సర్వీస్ (కౌంటరు దగ్గరే ఆర్డరు ఇచ్చి తెచ్చుకునే) రెస్టారెంట్లలో అడిగితే చల్లని మంచినీళ్లు కప్పులో ఉచితంగా ఇస్తారు. ఇతర చోట్ల కూడా సీసా కొనే ముందు అడిగి చూడవచ్చు.

చెయిన్‌లోనే తినాలనుకుంటే గేటు బయట వెతకడం తరచుగా తెలివైన పని. ఫ్లోరిడాలోని యూనివర్సల్ ఆర్లాండోకు చెందిన సిటీవాక్, డిస్నీ వారి డిస్నీ స్ప్రింగ్స్ వంటి, దుకాణాలు, రెస్టారెంట్లు ఉండే చోట్లకు పార్కు టికెట్ అక్కరలేదు. సిటీవాక్ పార్కింగ్‌కూ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల గేట్లకూ మధ్యనే ఉంటుంది గనుక భోజనం చేసి తిరిగి రావడం సులువు. కాకపోతే అదే రోజు మళ్లీ లోపలికి అనుమతిస్తారో లేదో, చేతి మీద ముద్ర వంటిది వేయించుకోవాలో బయటికి రాకముందే కనుక్కోవాలి.

పాత సమాచారాన్ని నమ్మవద్దు. పార్కులకూ ఆహార సంస్థలకూ పొత్తు కొత్తదేమీ కాదు. 1955లో డిస్నీల్యాండ్ తెరిచిన ఏడాదే అక్కడ ఫ్రిటోస్ చిప్స్ పేరుతో కాసా డి ఫ్రిటోస్ అనే భోజనశాల వెలసింది. అయితే ఒప్పందం తీరితే బోర్డు దిగిపోతుంది. ఒకప్పుడు డిస్నీ పార్కులలో అమ్మిన మెక్‌డొనాల్డ్స్ ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా అలాగే పోయాయి. అందుకే వెళ్లే వారంలోనే పార్కు యాప్‌లో రెస్టారెంట్ల పేర్లు, తెరిచే వేళలు చూడండి. రద్దీ లేని రోజుల్లో కొన్నింటిని అసలు తెరవరు.

ఆర్డరు తప్పుగా వచ్చినా, డబ్బు రెండుసార్లు కట్ అయినా, ముందు బిల్లు పైభాగంలో ఎవరి పేరుందో చూడండి. పార్కు పేరుంటే చెయిన్ కస్టమర్ కేర్‌కు ఫోను చేయడం వృథా కావచ్చు. బిల్లు తీసుకుని పార్కులోని అతిథి సేవల కౌంటరుకు అదే రోజు వెళ్లాలి.